మీసం, ముల్లు టోపీ, ఆరు రోజులు

మొదటి రోజు, మంగళవారం: లండన్

నాకు పాత పోస్టుకార్డుల పిచ్చి. అందులోనూ మొదటి ప్రపంచ యుద్ధం నాటివి, శత్రువును పందిగానో రాక్షసుడిగానో గీసి చిల్లర డబ్బులకి అమ్మిన కార్డులు. ఇలాంటివి కొంటావేంటి అని ఎవరైనా అడిగితే సరైన జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. బొమ్మ చూడగానే నవ్వొస్తుంది, నవ్వాక సిగ్గేస్తుంది, ఈ రెండింటి మధ్యా ఏదో ఉందనిపించి ఇంకోటి కొంటాను. ఈసారి కొనడం కాదు, వాటిని గీసిన చోట్లూ పంపిన చోట్లూ ఒకసారి చూసొద్దామని బయల్దేరాను. తోడు మా బావ. ఆయనకి కార్డుల గోల పట్టదు, దారి పొడవునా రైళ్లు ఎక్కొచ్చని వచ్చాడు.

పొద్దున్నే ఇంపీరియల్ వార్ మ్యూజియం. యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1917లోనే పెట్టారు దీన్ని. ఇప్పుడున్న భవనం మాత్రం అంతకుముందు బెత్లెం పిచ్చాసుపత్రి, మ్యూజియం ఇందులోకి మారింది 1936లో. ఆ సంగతి చెప్పగానే బావ తలెత్తి భవనాన్ని పైనుంచి కిందిదాకా చూసి, "పెద్దగా మార్చిందేం లేదన్నమాట" అన్నాడు. టికెట్ లేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం సంతోషించాడు.

నేను వెళ్లింది బొమ్మల కోసమే అయినా, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది బొమ్మే లేని కార్డు. బ్రిటిష్ సైన్యం తన సిపాయిలకి ఇచ్చిన ఫీల్డ్ సర్వీస్ కార్డు అది. వాక్యాలన్నీ ముందే అచ్చేసి ఉంటాయి: నేను క్షేమం, నన్ను ఆసుపత్రిలో చేర్చారు, మీ ఉత్తరం అందింది, ఇలా. మనకి సంబంధం లేనివి కొట్టేయాలి, కింద సంతకం, తేదీ పెట్టాలి. అంతకుమించి ఒక్క మాట రాసినా కార్డును చించేస్తామని దాని మీదే అచ్చువేశారు. అంటే కందకంలో ఉన్నవాడికి అసలు మాటలే లేవు, ఇంటి దగ్గర కూర్చుని బొమ్మలు గీసేవాడికి మాత్రం రంగులే రంగులు.

ఆ రంగులవాళ్లలో బాగా పేరు మోసినవాడు లూయిస్ రామేకర్స్. ఇంగ్లీషువాడు కాదు, డచ్చివాడు. వాళ్ల దేశం తటస్థం, వాళ్లమ్మది జర్మన్ మూలం, అయినా జర్మన్ సైన్యం బెల్జియంలో చేసిన దారుణాల మీద ఆయన గీసినంత కసిగా ఎవరూ గీయలేదు. ఆయన తల మీద జర్మనీ వెల కట్టిందని అప్పట్లో ఊరూవాడా చెప్పుకున్నారు, దానికి ఆధారం మాత్రం ఎవరికీ దొరకలేదు. ఆ కథ కూడా ఒక రకంగా బొమ్మే కదా. 1915 చివర్లో లండన్‌లో ఆయన బొమ్మలతో ప్రదర్శన పెడితే జనం ఎగబడ్డారు. వెల్లింగ్టన్ హౌస్ అనే భవనంలో గుట్టుగా పనిచేసే బ్రిటిష్ ప్రచార విభాగం ఆ బొమ్మల్ని దేశదేశాలకీ పంపింది. పోస్టుకార్డులు వేశారు, ఆఖరికి 1916లో సిగరెట్ పెట్టెల్లో పెట్టే కార్డులు కూడా వేశారు, మొత్తం 140. పొగ పీలుస్తూ శవాల బొమ్మలు సేకరించడం ఎలా ఉండేదో ఊహించుకోవాల్సిందే.

ఇంకొకటి చెప్పి లండన్ వదిలేస్తాను. 1915 మే 7న లుసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచింది. మ్యూనిక్‌లో కార్ల్ గోట్జ్ అనే శిల్పి దీని మీద ఒక వ్యంగ్య పతకం పోశాడు, కౌంటర్లో అస్థిపంజరం కూర్చుని టికెట్లు అమ్ముతున్నట్టు. ఆయన ఉద్దేశం ఓడ కంపెనీ దురాశను ఎగతాళి చేయడం. కానీ తేదీ పొరపాటున మే 5 అని వేశాడు. ఇంకేముంది, ఓడను ముంచకముందే పతకం సిద్ధం చేసి పెట్టుకున్నారంటూ బ్రిటిష్‌వాళ్లు అచ్చం అలాంటివే లక్షల్లో పోయించి, అట్టపెట్టెల్లో పెట్టి అమ్మారు. జర్మనీవాడు వేసిన వెక్కిరింత జర్మనీకే చుట్టుకుంది. ప్రూఫ్ చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

రెండో రోజు, బుధవారం: ఈపర్

చానెల్ కింద నుంచి రైల్లో ఫ్రాన్స్‌లోని లిల్ దాకా గంటన్నర కూడా పట్టలేదు. లిల్‌లో రెండు స్టేషన్లు ఉన్నాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లాలి. రైళ్ల గురించి అన్నీ తెలిసిన మా బావ నమ్మకంగా వచ్చిన స్టేషన్లోనే నిలబడ్డాడు. అసలు స్టేషన్‌కి పరుగెత్తేసరికి బండి వెళ్లిపోయింది. ఆ తర్వాత కోర్ట్రిక్‌లో ఇంకో గంట పడిగాపులు. మాట్లాడుకోలేదు.

బెల్జియంలోని ఈపర్‌ని ఫ్రెంచివాళ్లు ఈప్ర్ అంటారు. బ్రిటిష్ సిపాయిలకి ఆ రెండూ నోరు తిరక్క వైపర్స్ అనేశారు. ఊరి నడిమధ్య బట్టల వర్తకుల పాత మండపం, క్లాత్ హాల్, యుద్ధంలో నేలమట్టమైతే మళ్లీ రాయి మీద రాయి పేర్చి కట్టారు, ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్ మ్యూజియం అందులోనే ఉంది. ఈ మండపం తగలబడటం, కూలడం, మొండిగోడలుగా మిగలడం, అన్ని దశలకీ కార్డులున్నాయి. వాటి మీద శత్రువు కనిపించడు, వాడు చేసిన పని మాత్రమే కనిపిస్తుంది. నన్నడిగితే, పంది బొమ్మ కంటే ఈ మొండిగోడే ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

రాత్రి ఎనిమిదింటికి మెనిన్ గేట్ అనే స్మారక ద్వారం దగ్గర బ్యూగిల్ ఊదారు. 1928 నుంచీ ఊదుతున్నారట, రెండో యుద్ధంలో జర్మన్లు ఊరిని పట్టుకున్న కాలం మాత్రం మినహాయింపు. సమాధి కూడా దక్కని 54,000 మందికి పైగా పేర్లు ఆ గోడల మీద ఉన్నాయి, భారతీయ సిపాయిలవి కూడా.

మూడో రోజు, గురువారం: రెండు బొత్తాలు

ఈ రోజు గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ ప్రయాణం అసలు దీనికోసమే పెట్టుకున్నాను.

బండి మాట్లాడుకుని దక్షిణంగా ప్లూగ్‌స్టీర్ట్ వైపు వెళ్లాం. డ్రైవర్ పెద్దాయన దారిలో ఒక పొలం గట్టు చూపించి, దున్నేటప్పుడు ఇప్పటికీ పాత ఫిరంగి గుళ్లు పైకి తేలతాయనీ, రైతులు వాటిని రోడ్డు పక్కన పెడితే సైన్యం వాళ్లొచ్చి తీసుకెళ్తారనీ చెప్పాడు. అంత మామూలుగా చెప్పాడంటే, మన వీధిలో చెత్తబండి గురించి చెప్పినట్టు.

ఊరి బయట సెయింట్ ఈవాన్ అనే చిన్న పల్లె. నాలుగిళ్లు, బోలెడు బురద. ఒక ఇంటి గోడ మీద ఫలకం ఉంది: బ్రూస్ బేర్న్స్‌ఫాదర్. ఈయన పుట్టింది ఎక్కడనుకున్నారు, 1887లో, అప్పటి భారతదేశంలోని మర్రీ కొండ ఊళ్లో. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. వార్విక్‌షైర్ రెజిమెంట్‌లో మెషిన్‌గన్ల అధికారిగా 1914 చివర్లో ఇక్కడికొచ్చి, ఇక్కడి ఇంట్లోనే గోడల మీద బొగ్గుతో బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. తర్వాత లండన్ పత్రికలో అచ్చయ్యాయి, పోస్టుకార్డుల సెట్లుగా వచ్చాయి, దేశమంతా ఊగిపోయింది. ఆయన సృష్టించిన ముసలి సిపాయి ఓల్డ్ బిల్ మీసం వాల్రస్ అనే సముద్ర జంతువు మీసంలా వేలాడుతూ ఉంటుంది. అన్నిటికంటే పేరొచ్చిన బొమ్మలో ఇద్దరు సిపాయిలు గుళ్ల వానలో ఒక గుంతలో ఇరుక్కుని ఉంటారు, ఒకడు గొణుగుతుంటే రెండోవాడు, ఇంతకంటే మంచి గుంత తెలిస్తే పోయి అందులో ఉండు అంటాడు.

గమనించాల్సింది ఏంటంటే ఈ బొమ్మల్లో జర్మన్ దాదాపుగా కనిపించడు. కనిపించేది బురద, ఎలకలు, జామ్ డబ్బాలు, పై అధికారుల తెలివితక్కువతనం. మొదట్లో కొంతమంది పెద్దలకి ఈ బొమ్మలు మింగుడు పడలేదు, మన సిపాయి ఇంత ముతకగానా ఉండేది అని. సిపాయిలు మాత్రం కత్తిరించి కందకం గోడలకి అంటించుకున్నారు.

ఎందుకిలా గీశాడు? నాకు తోచిన కారణం ఆ ఇంటికి కూతవేటు దూరంలోనే ఉంది. 1914 క్రిస్మస్ రోజు ఈ పొలాల్లోనే రెండు పక్షాలవాళ్లూ తుపాకులు కింద పెట్టి బయటికొచ్చారు. బేర్న్స్‌ఫాదర్ కూడా వచ్చాడు. ఒక జర్మన్ అధికారి కోటు బొత్తాలు ఆయనకి నచ్చాయి. అడిగి, వైరు కత్తిరించే కత్తెరతో వాటిలో రెండు కత్తిరించుకుని, బదులుగా తన కోటువి రెండు ఇచ్చాడు. కాస్త అవతల ఆయన దళంలోని ఒకడు, సైన్యంలోకి రాకముందు సరదాగా క్షవరం చేసేవాడట, ఒక జర్మన్‌ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి వాడి జుట్టు కత్తిరించాడు. ఇదంతా ఆయనే తర్వాత రాసుకున్నాడు.

ఒకడి మెడ మీద కత్తెర ఆడించాక వాడికి కోరలు పెట్టి బొమ్మ గీయడం కష్టం. నేను కొన్న కార్డుల్లో కోరలున్నవన్నీ పారిస్, లండన్, బెర్లిన్, లైప్జిగ్‌లలో అచ్చయినవి. కందకానికి ఎంత దూరం పోతే కోరలు అంత పొడుగవుతాయి. ఇది నా కొలత, తప్పయినా కావచ్చు.

ప్లూగ్‌స్టీర్ట్ దగ్గర ఆ సంధికి గుర్తుగా ఇప్పుడొక స్మారకం ఉంది, ఆ రోజు ఫుట్‌బాల్ కూడా ఆడారని చెప్పుకుంటారు కాబట్టి జనం దాని కింద బంతులు వదిలి వెళ్తారు. వానకి నాని, గాలి పోయి, చర్మం వడిలిన కాయల్లా పడున్నాయి. బావ ఒకదాన్ని కాలితో నెమ్మదిగా సర్దాడు, తన్నలేదు.

మధ్యాహ్నం సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో నవ్ షపెల్. 1915 మార్చి 10న ఇక్కడ మొదలైన దాడిలో బ్రిటిష్ బలగాల్లో చాలా భాగం భారతీయ సిపాయిలే. 1927లో కట్టిన స్మారకం గుండ్రటి ఆవరణ, మధ్యలో 15 మీటర్ల స్తంభం, పైన తామర, పక్కన రెండు రాతి పులులు. 4,700కి పైగా పేర్లు. మేము తప్ప ఎవరూ లేరు.

ఈ పేర్లవాళ్లు కూడా కార్డుల మీదకెక్కారు, అదీ రెండు వైపులా. 1914 సెప్టెంబర్ చివర్లో మార్సెయ్ రేవులో దిగినప్పటినుంచీ ఫ్రెంచి కార్డుల మీద తలపాగా ఉన్న ప్రతివాడూ "హిందూ"యే, సిక్కయినా ముస్లిమైనా. గూర్ఖా అయితే పళ్ల మధ్య కుక్రీ, అదే వంకర కత్తి, పట్టుకుని చీకట్లో పాకాల్సిందే. జర్మన్ల వైపు ఇదే సిపాయి సర్కస్ జంతువు. శత్రువులు యూరప్ మీదకి ఎవరెవర్ని తోలుకొచ్చారో చూడండి అని వెక్కిరింత, "మన శత్రువుల జాతుల సర్కస్" అని 1916లో ఒక పుస్తకమే వేశారు. మెచ్చుకున్నవాడూ ఎగతాళి చేసినవాడూ గీసింది ఒకే బొమ్మ: మొహం నలుపు, కళ్లు తెలుపు, చేతిలో కత్తి.

ఆ సిపాయిలు ఇంటికి రాసుకున్న ఉత్తరాల్ని సెన్సార్‌వాళ్లు తెరిచి చదివేవాళ్లు. అది తెలిసి వీళ్లూ మాటలు మార్చారు. నల్ల మిరియాలు అంటే భారతీయ దళాలు, ఎర్ర మిరపకాయలు అంటే తెల్లవాళ్లు. నల్ల మిరియాలు అయిపోవచ్చాయి, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారు అని రాస్తే ఇంట్లోవాళ్లకి అర్థమైపోవాలి. సెన్సార్‌కీ అర్థమైంది, అందుకే మనదాకా వచ్చింది. వీళ్లని బొమ్మ గీసిన వందలమందిలో ఒక్కడికీ ఈ తెలివి గీయాలని తోచలేదు. బావ చాలాసేపు పేర్లు చదువుతూ ఉండిపోయాడు. డ్రైవర్ హారన్ కొట్టలేదు, కొడతాడనుకున్నాను.

నాలుగో రోజు, శుక్రవారం: పెరోన్

లిల్ నుంచి రైలు అరగంటలో ఓట్ పికార్డీ స్టేషన్లో దింపింది. చుట్టూ పొలాలే, ఊరన్నది లేదు. అందుకే అక్కడివాళ్లు దీన్ని బీట్‌రూట్ స్టేషన్ అంటారు. బావకి తెగ నచ్చింది. ట్యాక్సీ కోసం నలభై నిమిషాలు నిలబడ్డాక నచ్చడం ఆగింది.

పెరోన్ కోటలో 1992లో తెరిచిన మ్యూజియం ఉంది, ఇస్టోరియల్. నేను చూసిన యుద్ధ మ్యూజియాల్లో ఇంత నిదానమైనది ఇంకోటి లేదు. సిపాయిల బట్టలు బొమ్మలకి తొడిగి నిలబెట్టరు, నేలలో తవ్విన పలుచటి గుంటల్లో పడుకోబెట్టి చుట్టూ వాళ్ల సామాన్లు పేర్చారు. మనం వంగి చూడాలి. గోడల వెంట అద్దాల అరల్లో జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్, మూడు దేశాల ఇళ్లలోని వస్తువులు ఒకదాని కింద ఒకటి: కంచాలు, పిల్లల ఆటబొమ్మలు, పోస్టర్లు, కార్డులు.

అలా మూడు వరసలూ కలిపి చూస్తే తెలిసొచ్చింది, శత్రువంటే అసలు మనిషి కాదు, టోపీ. ఫ్రెంచి అరలో జర్మన్ సిపాయిల ముల్లు టోపీ పెట్టుకున్న పంది. జర్మన్ అరలో ఎర్ర ప్యాంటు, తలపాగా, స్కాట్లాండ్ లంగా. కింద ఉన్న శరీరం అంతటా ఒకటే: లావుగా, పిరికిగా, పరిగెడుతూ. పిల్లాణ్ణి ఒళ్లో బోర్లా వేసుకుని పిర్ర మీద బాదే బొమ్మ రెండు వైపులా ఉంది, టోపీలు అటుదిటు మారతాయి, అంతే. ఆ ముల్లు టోపీ ఉడకబెట్టిన తోలుది. గుండు సంగతి అటుంచి, ఫిరంగి గుండు ముక్క తగిలినా ఆగేది కాదు, 1916 నుంచి దాని బదులు ఉక్కు హెల్మెట్ ఇచ్చారు. కార్డుల మీద మాత్రం యుద్ధం అయిపోయేదాకా ముల్లు ఊడలేదు. ముల్లు లేకపోతే వాడు జర్మన్ అని ఎలా తెలుస్తుంది?

ఇక్కడే ఓటో డిక్స్ చెక్కిన యుద్ధం బొమ్మలు కూడా ఉన్నాయి. ఆయన ఏళ్ల తరబడి కందకాల్లో గడిపిన జర్మన్. వాటి గురించి రాయను, పది చూసి బయటికొచ్చేశాను.

ఐదో రోజు, శనివారం: పారిస్

షాంజెలిజే పక్కన కారే మారిన్యీలో చెట్ల కింద స్టాంపుల సంత జరుగుతుంది. గురువారం, శనివారం, ఆదివారం. స్టాంపులతో పాటు పాత కార్డులు కూడా అమ్ముతారు. చెప్పుల పెట్టెలంత అట్టపెట్టెల్లో వరసగా కార్డులు, మధ్యమధ్య అట్ట ముక్కల మీద చేతిరాతతో పేర్లు. నేను మూడు గంటలు నిలబడ్డాను. బావ పది నిమిషాలు నిలబడి మెట్రో ఎక్కడానికి పోయాడు, ఎక్కడికని అడిగితే ఎక్కడికీ కాదన్నాడు.

ఆ పెట్టెల్లో జర్మన్ చక్రవర్తి కైజర్ మీసమే ఒక లోకం. రెండు కొసలూ పైకి లేచి ఉండే ఆ మీసాన్ని తీర్చిదిద్దినవాడు బెర్లిన్ మంగలి ఫ్రాన్స్వా హాబీ, దానికి రాసే సరుకు పేరు "సాధించేశాం". కార్టూనిస్టులకి ఇంతకంటే వరం ఉంటుందా, రెండు గీతలు గీస్తే చక్రవర్తి అయిపోయాడు. జర్మన్ల వైపు ప్రాసలు ఎక్కువ. "యేడర్ షుస్ ఐన్ రుస్, యేడర్ ష్టోస్ ఐన్ ఫ్రాన్‌ట్సోస్", అంటే ప్రతి గుండుకీ ఒక రష్యన్, ప్రతి పోటుకీ ఒక ఫ్రెంచివాడు. అర్థం తీసేస్తే పిల్లలు గంతులేస్తూ పాడుకునే పాటలా ఉంటుంది, నాకు భయం వేసేది దానికే. ఇంకోటి "గాట్ ష్ట్రాఫె ఇంగ్లండ్", దేవుడా ఇంగ్లండ్‌ని శిక్షించు అని, కార్డుల మీద, బొత్తాల మీద, గోడల మీద. బ్రిటిష్ సిపాయిలు అందులోంచి "స్ట్రేఫ్" అనే మాట లాక్కుని ఫిరంగి దాడికి ముద్దుపేరు చేసుకున్నారు. జర్మన్ సైన్యపు తపాలా ఆ యుద్ధంలో సుమారు 2,870 కోట్ల ఉత్తరాలు, కార్డులు, పార్సిళ్లు మోసింది. అందులో ఈ ప్రాసలు ఎన్ని కోట్లో.

నేను కొన్నది ఒక్కటే. ఎనిమిది యూరోలు. ముందువైపు ముల్లు టోపీ పందిని తాడు కట్టి లాక్కెళ్తున్న ఫ్రెంచి పిల్లాడు, పంది కళ్లలో నీళ్లు. గులాబీ రంగు గీత దాటి బయటికి జారింది, చవక అచ్చు. వెనక వైపు పెన్సిల్ రాత, సగం అలుక్కుపోయింది. ఫ్రెంచి సిపాయిలకి తపాలా ఉచితం కాబట్టి స్టాంపు లేదు, రెజిమెంట్ ముద్ర ఉంది. నా ఫ్రెంచి చాలక అమ్మే ఆయన్నే చదవమన్నాను. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, కార్డు ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు. పార్సిల్ అందింది, వెన్న కరిగిపోయింది గానీ మేజోళ్లకి అంటలేదు, ఆవు ఈనిందా లేదా రాయి. ఆఖర్న అంచు వెంట చిన్న అక్షరాలు: పూల కార్డులు అయిపోయాయి, దుకాణంలో ఇవే మిగిలాయి, ఏమనుకోకు.

ఇన్నాళ్లూ ఈ కార్డులు పంపినవాళ్లంతా ఆ బొమ్మ నచ్చి కొన్నారనుకున్నాను.

వచ్చేముందు రేపటి కార్డుకి అంటించడానికి మామూలు స్టాంపు ఒకటి అడిగాను. అంత పెద్ద స్టాంపుల సంతలో ఇవాళ పనికొచ్చే స్టాంపు దొరకడానికి ఆరు బల్లలు తిరగాల్సి వచ్చింది.

ఆరో రోజు, ఆదివారం: కోల్మార్

రైలు రెండున్నర గంటలు, ఈసారి స్టేషన్ నేనే చూసుకున్నాను. కోల్మార్ తూర్పు ఫ్రాన్స్‌లో బొమ్మరిల్లు లాంటి ఊరు, రంగురంగుల చెక్క ఇళ్లు, కాలవలు. 1871 నుంచి 1918 దాకా ఇది జర్మనీది. ఇక్కడే 1873లో పుట్టాడు జాన్ జాక్ వాల్ట్జ్, బొమ్మల కింద సంతకం ఆన్సీ. ఊళ్లో తలెత్తితే ఆయన రూపొందించిన దుకాణాల ఇనుప బోర్డులు ఇప్పటికీ వేలాడుతున్నాయి. రూ దే తెత్ వీధిలో ఆయన మ్యూజియం, కింద దుకాణం, పైన బొమ్మలు.

ఆన్సీ గీసిన ఈ అల్సాస్ ప్రాంతపు పిల్లలు బూరె బుగ్గలతో, తలమీద పెద్ద నల్ల రిబ్బను ముడులతో ఎంత ముద్దుగా ఉంటారంటే, మూలన నిలబడ్డ ఆకుపచ్చ కోటు, ఈక టోపీ, కళ్లజోడు జర్మన్ ప్రొఫెసర్ వెంటనే కంటికి ఆనడు. ఆనాక వదలడు. ఆ వెక్కిరింతకి 1914 జులైలో లైప్జిగ్ కోర్టు ఏడాది జైలు వేసింది. తప్పించుకుని ఫ్రాన్స్ చేరాడు, యుద్ధంలో ఫ్రెంచి సైన్యానికి ప్రచార కరపత్రాలు తయారుచేశాడు. జర్మన్లు మర్చిపోలేదు. 1941లో ఆజాన్ ఊళ్లో నాజీల రహస్య పోలీసులు, గెస్టపో మనుషులు, కొట్టి చచ్చాడనుకుని వదిలేసి పోయారు. బతికి, 1951దాకా ఉన్నాడు.

దుకాణంలో నేను బావకి నా కోరల కొలత వివరిస్తున్నాను, దూరంగా ఉన్నవాడే ఎక్కువ ద్వేషంగా గీస్తాడని. ఆయన ప్రొఫెసర్ బొమ్మ ఉన్న కప్పు చేతిలో తిప్పుతూ విని, "ఒరేయ్, ఈయన దూరంగా లేడు కదరా. వచ్చి నెత్తినెక్కి కూర్చున్నవాణ్ణి వాళ్ల వీధిలోనే నిలబడి వెక్కిరించాడు. దాన్నీ ఆ పందినీ ఒకే గాటన కడతావా?" అన్నాడు. ఐదు రోజులు రైళ్ల టైము తప్ప ఏమీ మాట్లాడని మనిషి.

కట్టనని చెప్పాను. కానీ కరపత్రాల ఆన్సీ వేరు, అంతకుముందు ఆన్సీ వేరు అన్నాను. చేయి అదే కదా అన్నాడు. బిల్లు కట్టేదాకా, తర్వాత స్టేషన్ దారిలోనూ ఇదే గొడవ. ఎవరం ఒప్పుకోలేదు.

స్టేషన్ బల్ల మీద కూర్చుని కార్డు రాశాను. ముందువైపు కొంగ, ఇద్దరు పిల్లలు, మూలన ఆకుపచ్చ కోటు. వెనక: మేం క్షేమం, లిల్‌లో రైలు తప్పిపోయింది, బావకి జలుబు, ఎల్లుండికి వస్తాం. పసుప్పచ్చ పోస్టు డబ్బాలో వేశాను. మేం ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది, కార్డు ఇంకా రాలేదు.